చిత్రలహరిలో కనపడని గాయకుడు

1956 సెప్టెంబర్ 9న అమెరికాలో ఎడ్ సల్లివన్ షోలో ఎల్విస్ ప్రెస్లీ పాడితే సుమారు ఆరు కోట్ల మంది టీవీల ముందు కూర్చున్నారు. 1957 జనవరిలో అదే షోకి మళ్ళీ వచ్చినప్పుడు కెమెరా అతని నడుం కిందకి దిగలేదు, కుర్రకారు చెడిపోతారని! (చెడిపోవడం ఆగలేదనుకోండి.) ఏదైతేనేం, అక్కడ పాడిన మనిషే తెర మీద కనిపించాడు.

మన దగ్గర కథ వేరు. మా పలాసలో నాన్న వాళ్ళ తరం శుక్రవారం సాయంత్రం పక్కింట్లో చేరి చూసింది దూరదర్శన్ చిత్రలహరి. అంటే సినిమా పాటలే. స్టెప్పులు చిరంజీవివి, గొంతు బాలుగారిది, ఈలలు మాత్రం స్టెప్పులకే. పాడినాయన మొహం ఆ పాటలో ఉండదు కదా!

1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలయ్యాక బాలుగారు వారం వారం ఇంట్లోకొచ్చారు. ఊరూ పేరూ తెలియని పిల్లలు మైకు ముందు నిలబడి పాడుతుంటే తప్పులు దిద్దారు. రాక్ అండ్ రోల్ కాకపోయినా, నా లెక్కలో మన సల్లివన్ షో అదే. కాకపోతే నలభై ఏళ్ళు లేటు.