పక్షవాతం తరువాతి మెదడు: విద్యుత్ ప్రేరణ చరిత్ర, హైదరాబాదు ద్విభాషా పరిశోధన – సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి ఒక పరిశీలన

సూర్యాపేట ప్రాంతంలో పక్షవాతాన్ని 'కాలు చెయ్యి పడిపోయింది' అంటారు. ముఖంలో కనిపించే లక్షణాన్ని 'మూతి వంకరపోయింది' అంటారు. ఆయుర్వేదం దీనిని పక్షాఘాతమన్నది, యునానీ హకీములు ఫాలిజ్ అన్నారు. ఈ పేర్లన్నీ వ్యాధిని శరీరంలో ఒక పక్కన, అవయవంలో చూపుతాయి. రోగి నడక కుదురుకున్న తరువాత కూడా లెక్క తప్పడం, మాట మధ్యలో విషయం జారిపోవడం, రెండు పనులు ఒకేసారి చేయలేకపోవడం వంటి మార్పులు మిగిలిపోవచ్చు. వీటికి మాత్రం జనవ్యవహారంలో స్థిరమైన పేరు లేదు. ముసలితనమని, చాదస్తమని సరిపెట్టుకుంటారు. వైద్యచరిత్ర కూడా చాలాకాలం ఇదే దారిలో నడిచింది. కోలుకోవడమంటే చెయ్యి లేవడమే అన్న భావన పరిశోధనల రూపాన్ని సైతం నిర్ణయించింది. హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో జరిగిన ఒక పరిశోధన ఆ భావనను ఎలా కదిలించిందో, దాని ఫలితాలను నల్లగొండ సీమకు అన్వయించేటప్పుడు ఏ జాగ్రత్తలు అవసరమో చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

పడిపోయిన అవయవానికి విద్యుత్తు తగిలించి లేపాలన్న ఆలోచన పాతదే. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1757లో జాన్ ప్రింగిల్‌కు రాసిన లేఖలో తన అనుభవం చెప్పాడు. పెన్సిల్వేనియాలోని వివిధ ప్రాంతాల నుంచి, పొరుగు సీమల నుంచి పక్షవాత రోగులను ఆయన దగ్గరకు తీసుకువచ్చేవారు. లీడెన్ జాడీలతో ఘాతాలు ఇచ్చిన మొదటి రోజుల్లో కొంత మెరుగు కనిపించేది. అయిదో రోజు దాటాక అది ఆగిపోయేది. రోగులు నిరాశతో ఇళ్ళకు మళ్ళేవారు. ఫ్రాంక్లిన్ శాశ్వత ప్రయోజనం ఏదీ చూడలేదని ఒప్పుకున్నాడు. అంతటితో ఆగక, కనిపించిన ఆ కాస్త మెరుగు కూడా విద్యుత్తు వల్ల కాక, ప్రయాణంలోనూ రోజూ తన ఇంటికి వచ్చిపోవడంలోనూ కలిగిన వ్యాయామం వల్ల వచ్చిందేమో, నయమవుతుందన్న ఆశ వల్ల వచ్చిందేమో అని సందేహించాడు. తరువాతి రెండున్నర శతాబ్దాల ప్రేరణ చికిత్సలకు అసలు పరీక్ష ఈ సందేహమేనని చెప్పవచ్చు.

1870లో ఫ్రిట్ష్, హిట్జిగ్ బెర్లిన్‌లో కుక్క మెదడు ఉపరితలాన్ని స్వల్ప విద్యుత్తుతో తాకి, దానికి ఎదురు పక్క కాళ్ళు కదలడం చూశారు. దీనితో ప్రేరణకు లక్ష్యం కండరం నుంచి మెదడుకు మారింది. పుర్రె తెరవకుండా అయస్కాంత క్షేత్రంతో మెదడును ప్రేరేపించే సాధనాన్ని 1985లో షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం ప్రదర్శించింది. 2000లో గొట్టింగెన్‌లో నిట్షె, పౌలుస్ తలపై నుంచి పంపిన అతి స్వల్ప ప్రత్యక్ష విద్యుత్తు మెదడు ఉత్తేజనీయతను మారుస్తుందని చూపారు. వీటిపై ఒక ఆకర్షణీయమైన సిద్ధాంతం నిలబడింది. దెబ్బతిన్న అర్ధగోళాన్ని బాగున్న అర్ధగోళం అణచివేస్తుంది కనుక, బాగున్నదాన్ని తగ్గించాలి లేదా దెబ్బతిన్నదాన్ని పెంచాలి అన్నది దాని సారం. తర్కం బాగున్నది గాని, సాక్ష్యం అంత సులువుగా లొంగలేదు. 199 మంది రోగులతో జరిగి 2018లో వెలువడిన అయస్కాంత ప్రేరణ పరీక్షలో అసలు చికిత్స పొందినవారూ, ఉత్తుత్తి ప్రేరణ పొందినవారూ దాదాపు సమానంగా మెరుగయ్యారు. రెండు వర్గాలకూ చేతి అభ్యాసం మాత్రం ఉన్నది. ఫ్రాంక్లిన్ సందేహం మళ్ళీ ముందుకు వచ్చినట్లయింది. 2021లో లాన్సెట్ పత్రికలో వచ్చిన మరో పరీక్షలో 108 మందికి మెడలోని వేగస్ నాడిని ప్రేరేపించే పరికరం అమర్చారు. అభ్యాసంలో ప్రతి కదలికతో పాటు ప్రేరణ ఇచ్చినవారిలో 47 శాతం మందికి, ఇవ్వనివారిలో 24 శాతం మందికి చెప్పుకోదగిన మెరుగు కనిపించింది. ఇక్కడ కూడా అభ్యాసం నుంచి విడదీసిన ప్రేరణ లేదు.

హైదరాబాదు పరిశోధన ఈ మార్గంలోనిది కాదు. నిజామ్స్ సంస్థలో సుభాష్ కౌల్ నాయకత్వంలో పక్షవాత రోగుల నమోదు పట్టిక ఏర్పడింది. దాని ఆధారంగా వచ్చిన తొలి ఫలితాలు 2002 నాటికే ప్రచురితమయ్యాయి. అదే సంస్థలో జ్ఞాపకశక్తి క్లినిక్కు నడిపిన న్యూరాలజిస్టు సువర్ణ అల్లాడి, ఎడింబరోకు చెందిన థామస్ బాక్ తదితరులతో కలిసి 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. చిత్తవైకల్యం ఉన్న 648 మందిలో 391 మంది ద్విభాషులు. వారిలో వ్యాధి ఏకభాషుల కంటే సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువురానివారిలో ఈ తేడా ఆరేళ్ళు. ఈ చివరి అంకె నా దృష్టిలో మొత్తం అధ్యయనంలో అతి విలువైనది. భాష చేసిన మేలు బడి చేసిన మేలు కాదని వాదించడానికి అది ఆధారమిచ్చింది.

2016లో స్ట్రోక్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఇదే ప్రశ్నను పక్షవాతానికి వేసింది. నమోదు పట్టికలోని 608 మందిలో, పక్షవాతం తరువాత మేధాశక్తి మామూలుగా నిలిచినవారు ద్విభాషుల్లో 40.5 శాతం, ఏకభాషుల్లో 19.6 శాతం. మాట కోల్పోవడంలో మాత్రం తేడా లేదు. ద్విభాషుల్లో 10.5 శాతం మందికి, ఏకభాషుల్లో 11.8 శాతం మందికి వాగ్వైకల్యం వచ్చింది. రెండు భాషలు తెలిసినవారికి మాట ఎక్కువగా మిగలాలని మనం ఊహిస్తాం. అలా జరగలేదు. మిగిలింది అవధానం, ఎంపిక, నిగ్రహం వంటి శక్తులు. ఎదుటివారిని బట్టి ఒక భాషను ఆపి మరొక భాషను ఎంచుకునే నిత్యసాధన ఆ శక్తులను పెంచి ఉంటుందని పరిశోధకుల వ్యాఖ్యానం. ప్రేరణ పరీక్షలు అభ్యాసాన్ని వ్యాధి తరువాత మొదలుపెడతాయి. ఇక్కడ అభ్యాసం వ్యాధికి అనేక దశాబ్దాల ముందే, సంతలోనూ కచేరీలోనూ జరిగిపోయింది.

ఇటువంటి ఫలితం హైదరాబాదులో రావడం యాదృచ్ఛికం కాదు. 2007లో టొరంటోలో బియాలిస్టాక్ బృందం చేసిన ఇటువంటి అధ్యయనంలో ద్విభాషుల్లో చాలామంది వలస వచ్చినవారు. అందువల్ల భాష ప్రభావాన్ని వలస ప్రభావం నుంచి వేరుచేయడం కష్టమైంది. తెలుగు, దక్కనీ కలిసి బతికే నగరంలో ఆ చిక్కు తక్కువ. అయినా అభ్యంతరాలు పూర్తిగా తీరలేదు. అనుకూల ఫలితాలే ఎక్కువగా అచ్చవుతున్నాయని 2015లో ద బ్రూయిన్ తదితరులు విమర్శించారు. బాక్ పనిచేసే ఎడింబరో నుంచే ఆ విమర్శ రావడం చిన్న విశేషం.

చరిత్ర విద్యార్థి లేవనెత్తవలసిన అభ్యంతరం వేరొకటి ఉన్నది. ఎవరు ద్విభాషి అవుతారన్నది మెదడు నిర్ణయించే విషయం కాదు. ఆ క్లినిక్కుకు 2006–2012 మధ్య వచ్చినవారిలో అరవై ఏళ్ళ వయసువారు 1946–1952 మధ్య పుట్టిన తరం. నిజాం పాలనలో కచేరీ భాష ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయ బోధనాభాష కూడా అదే. సూర్యాపేట, మిర్యాలగూడ తాలూకాల్లో పటేలుకు, పట్వారీకి, వ్యాపారికి, ముస్లిం కుటుంబాలకు రెండో భాషతో నిత్యం పని ఉండేది. పొలం దాటి కచేరీ ఎక్కని రైతుకు, ఇల్లు దాటని స్త్రీకి అంత అవసరం ఉండేది కాదు. కనుక ఈ సీమలో ద్విభాషిత్వ పంపిణీ అధికార, కుల, లింగ భేదాల పంపిణీ కూడా. గణాంకశాస్త్రం చదువును, వృత్తిని లెక్కలోకి తీసుకుని సవరించగలదు. కచేరీ ముందు నిలబడే ధైర్యాన్ని అంత సులువుగా సవరించలేదు.

రెండో చిక్కు భౌగోళికం. ఆసుపత్రి పట్టికలో చేరేది ఆసుపత్రికి చేరినవారే. సూర్యాపేట నుంచి జాతీయ రహదారి మీద హైదరాబాదు సుమారు 135 కిలోమీటర్లు. రక్తపు గడ్డను కరిగించే మందు ఇవ్వడానికి గడువు నాలుగున్నర గంటలు. కోదాడకు హైదరాబాదు కన్నా విజయవాడ, ఖమ్మం దగ్గర. అంటే కోదాడ రోగి హైదరాబాదు పట్టికలో కనిపించే అవకాశమే తక్కువ. కోదాడ భాషా పరిస్థితి కూడా ప్రత్యేకమైనది. అది రెండు మాండలికాల సరిహద్దు పట్టణం. 1967లో సాగర్ కాల్వలకు నీళ్ళు వదిలిన తరువాత ఎడమ కాల్వ కింద కోస్తా కుటుంబాలు స్థిరపడటంతో ఆ కలయిక ఇంకా పెరిగింది. ఇంట్లో ఒక తెలుగు, బజారులో మరొక తెలుగు మాట్లాడేవాడు పరిశోధన లెక్కలో ఏకభాషి. మాండలికం మార్చుకోవడంలో నిగ్రహం, ఎంపిక లేవా అన్న ప్రశ్నకు ఆ లెక్క చోటివ్వదు.

మిర్యాలగూడ మరింత గట్టి ఉదాహరణ. దామరచర్ల వైపు తండాల నుంచి వచ్చే లంబాడీ స్త్రీ ఇంట్లో లంబాడీ, సంతలో తెలుగు మాట్లాడుతుంది. బియ్యం మిల్లుల్లో బీహారు హమాలీలతో పనిచేసేవారికి హిందీ కూడా పడుతుంది. నిత్యవ్యవహారంలో రెండు భాషలతో పని నడపగలవారే ద్విభాషులు అన్న హైదరాబాదు నిర్వచనం ప్రకారం ఆమె, బడి ముఖం చూడకున్నా, నిస్సందేహంగా ద్విభాషి. కాని పక్షవాతం తరువాత ఆమె మేధాశక్తిని ఏ భాషలో పరీక్షిస్తారు? ఆడెన్‌బ్రూక్ పరీక్షకు తెలుగు రూపాన్ని హైదరాబాదు బృందమే సిద్ధం చేసుకుని, చదువురానివారికి తగినట్లు మలచింది. ఆ శ్రమ లేకుంటే పై అంకెలేవీ వచ్చేవి కావు. లంబాడీ మాత్రమే బాగా వచ్చిన వృద్ధురాలిని తెలుగు పరీక్షతో కొలిస్తే భాషాలోపం మేధాలోపంగా నమోదవుతుంది. అప్పుడు ఆమెకు ఏ ప్రేరణ చికిత్స చేసినా దాని ఫలితాన్ని కూడా తప్పుడు కొలబద్దతోనే చూడవలసివస్తుంది.

సూర్యాపేట, నల్లగొండల్లో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి. హైదరాబాదు చేరని రోగులు కనిపించేది అక్కడే. జనగణనలో మాతృభాషతో పాటు తెలిసిన మరో రెండు భాషలు రాసుకునే గడులు ఉన్నాయి. ఆసుపత్రి కేసు షీటులో రక్తపోటుకు, చక్కెరకు, పొగాకుకు గడులు ఉంటాయి. ఆ రెండు భాషల గడులను కూడా అందులో చేర్చడానికి యంత్రాలేవీ అవసరం లేదు. తండా నుంచి వచ్చిన రోగి పక్కన కూర్చుని, ఇంట్లో ఏ భాష, సంతలో ఏ భాష, కూతురితో ఏ భాష అని అడగగలవారు ఒకరు ఉంటే చాలు.