చింతపల్లి దాడిలో వెనక వరసవాళ్లు



1974లో వచ్చిన కృష్ణ గారి 'అల్లూరి సీతారామరాజు' సినిమా మన గూడేల్లో చూడనివాళ్లు తక్కువ. చరిత్ర ప్రాజెక్టు కోసం అందులోని పోలీస్ స్టేషన్ దాడిని మేం మళ్లీ తీశాం. ఒక సెల్‌ఫోను, ఒక పాత పాక, ముప్పై మందిమి. రాజు వేషం ఎవరిదో తొందరగానే తేలింది. మిగతావాళ్లే "మరి నేనేం చెయ్యాలి?" అని అడగడం మొదలెట్టారు. సినిమాలో వాళ్లకి వెనక నిలబడి కేకలెయ్యడమే పని. కెమెరా హీరో మీదే ఉంటుంది కదా, అందులో తప్పేం లేదు. జవాబు మాత్రం చరిత్రలోనే వెతకాల్సొచ్చింది.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు, మూడు స్టేషన్లు. దొరికినవి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు. పుస్తకంలో ఇది ఒక్క వాక్యం. మేం కర్రలు కట్టలు కట్టి, సంచుల్లో రాళ్లు పోసుకుని కొండెక్కాం. తుపాకీ నాలుగు కిలోలనుకున్నా మొత్తం వంద దాటుతుంది, తూటాలు వేరే. పైగా ఆగస్టంటే మన దగ్గర గెడ్డలు పొంగే కాలం. ఆ బరువుతో అడవిదారిన నడవాలంటే దారి చూపేవాడు కావాలి, గెడ్డ దాటించేవాడు కావాలి, రాత్రికి ఇంత అంబలి పోసే ఊరు కావాలి. ఈ లెక్క తేలాకే మా అమ్మాయిలకూ కథలో చోటు దొరికింది. సర్కారుకూ ఈ సంగతి తెలుసు. అందుకే మలబారు పోలీసుల్నీ, అస్సాం రైఫిల్స్‌నీ దించి, ఊళ్లనీ పీడించింది.

ఊళ్లు ఎందుకు అంబలి పోశాయంటే, కోపం వాళ్ల సొంతం. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు మీద ఆంక్షలు. ఆ తర్వాత గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనులు, చాలీచాలని కూలి. గాం గంటందొర బట్టిపనుకుల మునసబు పదవి పోగొట్టుకున్నవాడు. అంతకుముందు 1879లోనే రంప కొండలు తిరగబడ్డాయి.

కానిస్టేబుల్ వేషం వేసినవాడు చచ్చిపోయే సీను కావాలని పట్టుబట్టాడు. మేం ఒప్పుకోలేదు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర మన దేశపు సిపాయిల్ని పోనిచ్చి, తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌ల మీదే కాల్పులు జరిపారు. అంత ఎంపికగా యుద్ధం చేసినవాళ్లని గుడ్డిగా నరికే గుంపులా చూపిస్తే ఎలా?

సినిమా రాజు మరణంతో, అంటే 1924 మే 7తో, ముగుస్తుంది. మా వీడియో అక్కడ ఆపలేదు. గంటందొర తమ్ముడు మల్లుదొర ఇంకా ఉన్నాడు మరి. పట్టుబడి, శిక్షపడి, ఏళ్ల తరబడి జైల్లో మగ్గి, 1952 తొలి ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లినవాడు.