హగరి సీమలో ఒక సముద్రం

మన హగరి సీమకు కడలి ఎంతో దూరం. అయినా పెద్ద చెరువు కనిపిస్తే ‘సముద్రం’ అని పేరు పెట్టుకోవడం మన పూర్వులకు అలవాటు. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం ఉంది కదా! అలాంటిదే హగరిబొమ్మనహళ్ళి తాలూకాలోని అంకసముద్రం. 2021లో విజయనగర జిల్లా ఏర్పడేదాకా అది మన బళ్ళారి జిల్లాలోనిదే.

పూర్వం సేద్యానికి కట్టిన ఆ చెరువు విస్తీర్ణం సుమారు 244 ఎకరాలు. నీటిలో నిలిచిన తుమ్మచెట్ల మీద ఎర్రకాళ్ళ కొంగలు, తెల్ల కంకణాలు గూళ్ళు కట్టుకుంటాయి. వంటచెరకుకని ఆ తుమ్మలు నరికి ఉంటే, ఈ కథే లేదు.

2017లో ప్రభుత్వం దీన్ని పక్షి సంరక్షణ ప్రాంతంగా ప్రకటించింది. 2002 నాటి చట్ట సవరణ ప్రకారం ఇలాంటి చోట స్థానికులను సంప్రదించాలి, నిర్వహణ సంఘంలో గ్రామ పంచాయతీకి స్థానం ఉండాలి. కంచె కన్నా ఈ కుర్చీయే ముఖ్యమని నా అభిప్రాయం. ఎందుకంటే పంటకు ఎంత నీరు వదలాలి, పక్షులకు ఎంత మిగల్చాలి అన్న తగవు తెగవలసింది అక్కడే.

1971లో ఇరాన్‌లోని రాంసర్ పట్టణంలో కుదిరిన ఒడంబడిక తీరానికీ చెరువుకీ భేదం చూపదు. ఆ జాబితాలో అంకసముద్రం చేరిందని 2024 జనవరి 31న ప్రకటించారు. దానితోపాటే పడమటి తీరాన అఘనాశిని నదీముఖమూ చేరింది. ఆ ఏటి ముఖాన తదడి దగ్గర తలపెట్టిన 4,000 మెగావాట్ల విద్యుత్ కేంద్రాన్ని స్థానికులు ఎదిరించారు. అది రాలేదు.

అఘనాశిని అంటే పాపాలను పోగొట్టేది. హగరి పేరు కూడా ‘అఘహరి’ నుంచే వచ్చిందని కొందరంటారు.