ఫుజి పర్వతము: యాత్రాక్షేత్రము విహారస్థలమైన చరిత్ర



మా ఆలయమునకు నిత్యము వచ్చు భక్తులొకరు ఉద్యోగరీత్యా జపాను దేశమునకు ప్రయాణమగుచు నన్నొక ప్రశ్న అడిగినారు. "స్వామీ, అక్కడ సెలవులలో తోటివారితో కలిసి ఫుజి కొండ ఎక్కబోతున్నాను. ఏటేటా అరుణాచలమునకు గిరిప్రదక్షిణకు వెళ్లేవాణ్ణి. దీనిని కూడా యాత్రగా భావించి సంకల్పము చెప్పుకొని ఎక్కమంటారా? లేక విహారముగా ఎక్కి రమ్మంటారా?" అని. ఆనాడు తృప్తికరమైన సమాధానము చెప్పలేకపోతిని. తదుపరి ఆ పర్వతము యొక్క చరిత్రను శ్రద్ధతో పరిశీలించగా, ఈ ప్రశ్న అక్కడి ప్రజలకును పన్నెండు శతాబ్దములుగా పరిచితమేనని తెలిసినది.

ఫుజి జపానులోకెల్ల ఉన్నతమైన పర్వతము. ఎత్తు 3776 మీటర్లు. మూడు భూఫలకములు కలియు చోట పుట్టిన అగ్నిపర్వతమిది. ఇది నేటికిని సజీవమే. జపాను ప్రభుత్వము 1931లో జాతీయోద్యానముల చట్టము చేసి, 1936 ఫిబ్రవరిలో ఈ గిరిని, సమీపమందలి హకోనే ప్రాంతమును కలిపి జాతీయోద్యానముగా ప్రకటించినది. 1955లో ఇజు ద్వీపకల్పము చేరినది. అనగా ఉద్యానమైన వయస్సు తొంబది సంవత్సరములు మాత్రమే. దేవతాస్థానమైన వయస్సు దానికి పదిరెట్లకు మించినది.

అర్చకులపై మోపిన అపరాధము

తొలుత ఆ గిరిని జనులు ఎక్కలేదు. దూరము నుండియే నమస్కరించినారు. దానికి కారణము భయము. లిఖితచరిత్రలో 781 నుండి ఈ పర్వతపు అగ్న్యుద్గారములు కానవచ్చుచున్నవి. వానిలో ఘోరమైనది 864 నాటిది. వాయవ్యపార్శ్వము పగిలి ప్రవహించిన శిలాద్రవము అచ్చటి మహాసరస్సులో అధికభాగమును పూడ్చివేసినది. మిగిలిన రెండు తునకలే నేటి సాయికో, షోజికో సరస్సులు. ఆ ఘనీభవించిన శిలాప్రవాహము మీద పెరిగినదే అఒకిగహర అను కీకారణ్యము. నేడు విహారార్థులు ఆ అడవిలో నడచునప్పుడు వారి పాదముల క్రింద ఉన్నది ఆనాటి అగ్నియే.

ఆ ఉత్పాతమునకు కారణమేమని రాజసభ ప్రశ్నము చూపించినది. వచ్చిన ఉత్తరము ఇది: సురుగ ప్రాంతమందలి ఫుజి దేవాలయ అర్చకులు తమ విధులను శ్రద్ధతో నిర్వహించలేదు, అందుచే దేవత ఆగ్రహించినది. తత్ఫలితముగా పర్వతమునకు ఆవలివైపున ఉన్న కాయి ప్రాంతములో కూడ 865లో ఆ దేవతకు ఆలయము నెలకొల్పి అర్చనలు ఆరంభించినారు.

అర్చకవృత్తిలో ఉన్న నాకు ఈ వృత్తాంతము చదివినప్పుడు మొదట చిరునవ్వు వచ్చినది. పిదప అది నిలువలేదు. అర్చకుని అశ్రద్ధ వలన కొండ మండదు. భూగర్భము తన నియమమున తాను నడచును. కాని ఆనాటి వారి తీర్పులో ఒక భావమున్నది. ప్రకృతి మనకు ఋణపడి ఉండలేదు, మనమే దానికి ఋణపడి ఉన్నాము, ఆ ఋణము తీర్చు పనికి కొందరిని నియమించినాము, వారు జాగరూకులై ఉండవలెను అను భావము. ఈ బాధ్యతను పూజారులు మోసిన కాలమొకటి, ప్రభుత్వోద్యోగులు మోయుచున్న కాలమొకటి.

వైరోచనుని పద్మము

మంటలు కొంత శాంతించిన పిదప తపస్వులు పైకి ఎక్కసాగినారు. 699లో ఇజుకు బహిష్కృతుడైన ఎన్ నో గ్యోజ అను సిద్ధుడు ప్రతిరాత్రి ఆకాశమార్గమున ఫుజికి వచ్చి తపస్సు చేసెనని ఐతిహ్యము. చరిత్రకు అందునది 1149 నాటి వార్త. మత్సుదాయి అను సన్న్యాసి ఈ పర్వతమును వందలమార్లు అధిరోహించి, శిఖరమున ‘దైనిచి’కి ఆలయము నిర్మించినాడు. దైనిచి అనగా మహావైరోచనుడు. ఆ భాషలో ఆ పదమునకు మహాసూర్యుడని అర్థము.

ఇచట మన పాఠకులు చెవియొగ్గుదురు. నిజమే, ఇది సంస్కృతనామమే. కూకాయి అను ఆచార్యుడు 804లో చీనాదేశమునకు వెళ్లి, అచట హ్వీగ్వో గురువు వద్ద మంత్రయాన దీక్షను, ప్రజ్ఞుడను భారతీయ భిక్షువు వద్ద సంస్కృతమును అభ్యసించి, 806లో స్వదేశమునకు తెచ్చినాడు. మండలములు, సిద్ధలిపిలోని బీజాక్షరములు, ‘గోమ’ అని వారు పిలుచు హోమము ఆ మార్గముననే సుస్థిరమైనవి. పర్వతతపస్వుల సంప్రదాయము వానిని స్వీకరించినది. ఫుజి శిఖరమున అగ్నిబిలము చుట్టు ఉన్న శృంగములను ఎనిమిదిగా లెక్కించి, గర్భధాతు మండలమధ్యమందలి అష్టదళపద్మము ఇదియేనని వారు దర్శించినారు. ఆ బిలము చుట్టు చేయు ప్రదక్షిణమునకు ‘ఒహచి మెగురి’ అని పేరు. ‘హచి’ అనగా ఎనిమిది. అదే ధ్వని గల మరొక పదమునకు పాత్ర లేక గిన్నె అని అర్థము. నేడు ఆ పేరును రెండవ అక్షరముతోనే వ్రాయుచున్నారు. అందుచే ప్రస్తుతము చుట్టివచ్చువారు తాము గిన్నె అంచున నడచుచున్నామని తలంతురు. పూర్వులు పద్మదళముల మీద నడచినారు.

అయితే "చూచితిరా, అంతయు మనదే" అని గర్వించుట శాస్త్రవేత్తకు తగదు. అచటకు చేరినది వేదము నేరుగా కాదు. బౌద్ధమంత్రయానము మూలమున, చీనాభాషలో స్నానమాడి చేరినది. పైగా పర్వతదేవత వారి స్వంతము. ఆదిలో ‘అసమ’ అను నామమున ఆరాధింపబడిన దేవత, తరువాతి శతాబ్దములలో కొనొహన సకుయ హిమే అను పుష్పదేవిగా ప్రసిద్ధి చెందినది. భర్త శంకించగా ద్వారము లేని గృహములో ప్రవేశించి, దానికి నిప్పంటించి, ఆ జ్వాలల నడుమ నిరపాయముగా ప్రసవించిన పతివ్రత ఆమె. 712 నాటి ‘కొజికి’ గ్రంథములో ఈ కథ ఉన్నది. సీతామాత అగ్నిప్రవేశము మన మనస్సున మెదలుట సహజము. సాదృశ్యమును ఆస్వాదింపవచ్చును. అంతమాత్రమున ఆ కథ మన కథ కాదు. పరదేవతను గౌరవించుటకు ఆమెను మన బంధువుగా నిరూపించవలసిన అవసరము లేదు.

గృహస్థుల కొండ

పదునారవ శతాబ్దము వరకు శిఖరారోహణము ప్రధానముగా తపస్వులకే పరిమితము. దానిని గృహస్థుల పరము చేసినవారిలో ఇరువురు ముఖ్యులు. ప్రథముడు కకుగ్యో. పర్వతపాదమున హితొఅన అను శిలాద్రవగుహలో, నాలుగున్నర అంగుళముల చదరపు దారుఖండము మీద నిలిచి సహస్రదినతపస్సు చేసెనని సంప్రదాయము చెప్పును. ద్వితీయుడు జికిగ్యో మిరోకు. ఎదో నగరములో తైలవ్యాపారి. తన ధనమును పంచివేసి, 1733లో ఫుజి మార్గమందలి ఒక శిలవద్ద ముప్పదియొక్క దినములు నిరాహారుడై దేహత్యాగము చేసినాడు. రైతు, వణిజుడు, శిల్పి, యోధుడు అను భేదము లేదనియు, ఎవరి వృత్తిని వారు నిజాయితీతో ఆచరించుటయే ఉపాసనయనియు, స్త్రీ అపవిత్ర కాదనియు అతడు బోధించినాడు.

అతని అనంతరము ‘ఫుజి కో’ అను భక్తసంఘములు ఎదో నగరపు వీధివీధిన వెలసినవి. సభ్యులు చందాలు వేసికొని, ఏటేటా కొందరిని తమ ప్రతినిధులుగా యాత్రకు పంపెడివారు. పర్వతపాదమున యొషిద గ్రామములో ‘ఒషి’ అను తీర్థపురోహితుల గృహములు ఎనుబదికి పైగా ఉండెడివి. వారే బస ఇచ్చి, శుద్ధిక్రియ జరిపించి, మార్గము చూపెడివారు. మన కాశీ గయలలో తరతరములుగా యాత్రికులను చూచుకొను పురోహితకుటుంబముల వంటివారే వీరు. వెళ్లలేని వృద్ధులకు, బాలురకు, స్త్రీలకు నగరములోనే ఫుజి నుండి తెచ్చిన రాళ్లతో చిన్న గుట్టలు నిర్మించినారు. 1779లో జికిగ్యో శిష్యుడగు ఒక తోటమాలి అట్టి తొలిగుట్టను పూర్తిచేసినాడు.

యాత్రికుడు శ్వేతవస్త్రధారి. చేతిలో ‘కొంగోజుయె’, అనగా వజ్రదండము. నోట ‘రొక్కొన్ షోజో’ అను నామస్మరణ. దీని భావము షడింద్రియములు శుద్ధమగుగాక అని. నేత్రము, శ్రోత్రము, ఘ్రాణము, జిహ్వ, త్వక్కు, వీనితో మనస్సు ఆరవది. మనస్సును ఆరవ ఇంద్రియముగా గణించుట భగవద్గీత పదునైదవ అధ్యాయము చదివినవారికి క్రొత్త కాదు. శ్వాస బరువెక్కిన ఎత్తులలో అడుగడుగునకు ఆ మాట పలుకుచు సామాన్యులైన వడ్రంగులు, వర్తకులు పైకి ఎక్కినారు.

నిషేధము, దాని పతనము

స్త్రీలకు మాత్రము శిఖరము నిషిద్ధము. కొంత ఎత్తు వరకే అనుమతి. జికిగ్యో బోధించినను నియమము మారలేదు. 1832లో తకయామ తత్సు అను యువతి పురుషవేషమున, తన గురువు కొతాని సాన్షితో కలిసి శిఖరమును చేరినది. పట్టుకొన్నది భక్తియే గాని కుతూహలము కాదు. ప్రభుత్వము పవిత్రస్థలములలో స్త్రీనిషేధమును రద్దుచేసినది 1872లో. అనగా నలుబది సంవత్సరముల తరువాత రాజశాసనము చెప్పినదానిని ఆమె ముందుగానే నడచి చూపినది. ఆచారమును కాపాడవలసిన వృత్తిలో ఉన్నవాడనై కూడ ఒకటి ఒప్పుకొందును: ఆమె ఎక్కినందున పర్వతము అలుగలేదు. 1707 తరువాత అది మరల మండనే లేదు.

నామములు మారిన దినములు

అదే కాలములో మరొక విషాదము జరిగినది. 1868లో నూతనప్రభుత్వము దేవాలయములను, బౌద్ధమును వేరుచేయవలెనని ఆజ్ఞాపించినది. 1872లో పర్వతతపస్వుల సంప్రదాయమునే రద్దుచేసినది. 1874లో ఫుజి శిఖరము నుండి బుద్ధప్రతిమలు తొలగింపబడినవి. వైరోచనాలయమున్న చోట నేడు సెన్గెన్ దేవాలయపు శిఖరసన్నిధి ఉన్నది. శాక్యశిఖరము శ్వేతగిరి అనునర్థము గల ‘హకుసాన్’ అయినది. మతము పేరిట బయటివారెవ్వరును చేయని పనిని స్వకీయులే, స్వధర్మశుద్ధి పేరిట చేసినారు. వేయేండ్లు కలిసి జీవించిన రెండు సంప్రదాయములలో ఏది శుద్ధము, ఏది కల్తీ అని విడదీయబోయినప్పుడు విరిగినది విగ్రహములు మాత్రమే కాదు. అచట యాత్రికుని నడిపించిన కథయే తెగిపోయినది. ఈ పాఠము ఏ దేశమందలి ఆస్తికులకైనను వర్తించును.

విహారకాలము

1860లో ఆంగ్లరాయబారి రథర్‌ఫర్డ్ ఆల్కాక్ ఫుజిని అధిరోహించిన తొలి విదేశీయుడైనాడు. తదుపరి పర్వతారోహణమను క్రీడాభావము వ్యాపించినది. 1964లో ఐదవ మజిలీ వరకు మోటారు మార్గము తెరువబడినది. అది రమారమి 2300 మీటర్ల ఎత్తు. పాదము నుండి దేవాలయముల మీదుగా నడచు ప్రాచీనమార్గము దానితో పలుచబడినది. వజ్రదండము నేడును అమ్ముచున్నారు. మజిలీమజిలీకి దానిపై ముద్ర కాల్చి ఇత్తురు. పలువురు దానిని జ్ఞాపికగా ఇంటికి కొనిపోవుదురు.

జూలై నుండి సెప్టెంబరు ఆరంభము వరకు గల ఋతువులో రెండు లక్షలమందికి పైగా ఎక్కుట సాధారణమైనది. రాత్రియంతయు విశ్రాంతి లేక ఎక్కి సూర్యోదయము చూచి దిగు పద్ధతి వలన శీతాఘాతములు, ఉన్నతస్థలవ్యాధులు పెరిగినవి. 2024లో యొషిద మార్గమున రెండువేల యెన్‌ల రుసుము, దినమునకు నాలుగువేలమంది అను పరిమితి వచ్చినవి. 2025లో నాలుగు మార్గములకును నాలుగువేల యెన్‌లు నిర్ణయించినారు. పరిమితి, నిర్ణీతవేళ, ద్వారము, రక్షకులు: ఒషి పురోహితులు చేసిన పనిలో సగము ఇట్లు మరల వచ్చినది. రెండవ సగము, అనగా ఎందుకు ఎక్కుచున్నామో చెప్పుట, ఇంకను రాలేదు.

అయినను క్షేత్రత్వము పూర్తిగా అంతరించలేదు. ఎనిమిదవ మజిలీకి పైనున్న భూమి ఎవరిదను వివాదములో 1974లో అత్యున్నత న్యాయస్థానము సెన్గెన్ దేవాలయ పక్షమున తీర్పు ఇచ్చినది. 2004లో భూమి దేవాలయమునకు సంక్రమించినది. 2013లో ప్రపంచవారసత్వముగా గుర్తించినప్పుడు ఫుజిని ప్రకృతివిభాగమున కాక, పవిత్రస్థలముగా, కళాప్రేరణముగా సాంస్కృతికవిభాగమున చేర్చినారు. ఆగస్టు 26న యొషిద పట్టణములో మనిషిని మించిన ఎత్తు గల దివిటీలను వీధుల వెంట వెలిగించి, ఆరోహణఋతువును నేటికిని ముగించుచున్నారు.

ఆ భక్తునికి నా సమాధానము

నాయనా, విహారము పాపము కాదు. తోటివారితో సంతోషముగా ఎక్కుము. అయితే వీలైనచో ఫుజినొమియాలోని సెన్గెన్ దేవాలయమునకు ముందు వెళ్లుము. అచటి ‘వకుతమ’ కొలనులో ఊరు నీరు ఆ గిరి మంచు కరిగినదే. పూర్వయాత్రికులు అందు స్నానమాడి బయలుదేరెడివారు. నీవు దానిని దర్శించి నమస్కరించిన చాలును. శిఖరమున కర్పూరము వెలిగింపకుము, టెంకాయ కొట్టకుము, పసుపుకుంకుమలు చల్లకుము. అది వారి సన్నిధి, వారి నియమము. నీ వెంట కొనిపోయిన ప్రతి కాగితమును తిరిగి తెచ్చుకొనుము. మార్గమధ్యమున ఒక రాత్రి విశ్రమించి ఎక్కుము. దేహము హెచ్చరించినచో శిఖరము చూడకయే దిగుము. అచటి పూర్వులు యాత్రను గుట్టమీదనే పూర్తిచేసికొనుటకు అనుమతించినారని మరువకుము.

సంకల్పము మాట అడిగితివి. మన సంకల్పములో దేశకాలములను చెప్పుకొందుము గదా. నిలిచియున్న చోటు ఏదో, దాని కాలమేదో తెలిసికొని చేయుటయే దాని ప్రయోజనము. ఆ కొండచరిత్ర ఇప్పుడు నీకు తెలిసినది. ఊపిరి బరువైనప్పుడు నీ ఇష్టదేవతను తలచుకొని ఆరు ఇంద్రియములను ఒక్కొక్కటిగా గమనించుకొనుము. తిరిగివచ్చిన పిదప ఏమి చూచితివో గుడికి వచ్చి చెప్పుము. నేను చూడని కొండ అది.

స్వస్తి.