శ్రీరంగపట్టణమున దొరకిన కాగితములు

పదవినుండి దిగిపోయిన ప్రభువు ఇంటిని రాజ్యరహస్యములకై సోదా చేయుట న్యాయమా, కాదా? 2022వ సంవత్సరము ఆగస్టు 8వ తేదీని అమెరికా మాజీ అధ్యక్షుడగు ట్రంపుగారి ఫ్లోరిడా నివాసమును ఆ దేశపు దర్యాప్తుశాఖవారు సోదా చేసిననాటినుండి పత్రికలు చదువు గృహములలో నీ ప్రశ్న పలుమాఱులు వినవచ్చినది. ఒకప్పుడు దేశ మేలినంతమాత్రమున వానికి చట్టము వర్తింపదా యని కొందఱందురు. ఓడినవాని పెట్టెలను గెలిచినవాడు విప్పించుట కక్షగాక మఱేమి యని కొందఱందురు. ఈ వాదము విన్నప్పుడెల్ల మాకు మన సీమయే జ్ఞప్తికి వచ్చును. తిరుపతి, చంద్రగిరి, చిత్తూరు మొదలగు మన యూళ్లను ఇంగ్లీషు కంపెనీవారు తమ యేలుబడిలోనికి తీసికొనునపుడు లోకమునకు చెప్పిన కారణము, ఒక ప్రభువు నగరిని వెదకగా దొరకిన కాగితముల కట్ట. ఆ ప్రభువు మన ప్రభువుకూడ కాడు. మైసూరు టిప్పు సుల్తాను.

ఆనాడు మన సీమ ఆర్కాటు నవాబులది. 1795 వఱకు మహమ్మదాలీ వాలాజాయు, తరువాత నతని కుమారుడు ఉమ్దతుల్ ఉమరాయు నవాబులుగా నుండిరి. నవాబులన్నది పేరునకే గాని రాజ్యమును నడపినవారు అప్పులవారు. కంపెనీ యుద్ధములకైన వ్యయము నవాబు పద్దున వ్రాయబడెడిది. దానిని తీర్చుటకు నవాబు మద్రాసులోని దొరలయొద్దనే యధికవడ్డీకి అప్పు చేసెడివాడు. ఆ యప్పునకు జిల్లాల రాబడి తాకట్టు పడెడిది. తిరుమల కానుకల రాబడి సయితము 1750 ప్రాంతములనుండి కంపెనీవారి ఋణమునకు ఒడ్డబడినది. కొండమీద యాత్రికుడు ముడుపు విప్పుచుండగా దాని లెక్క చెన్నపట్టణములో జమ పడుచుండెను. 1792లో కారన్‌వాలిసు ప్రభువు నవాబుతో చేసికొన్న సంధిలో, కంపెనీవారి యనుమతి లేక నవాబు పరరాజులతో రాజకీయ వ్యవహార మేదియు నడపరాదను షరతు చేరినది. చదువరులీ షరతును జ్ఞాపకముంచుకొన వేడుచున్నాము.

1799 మే 4వ తేదీని శ్రీరంగపట్టణము పడినది. టిప్పు కోటగుమ్మముకడ శవముల నడుమ శవమై దొరకెను. ఆ రాత్రి పట్టణము దోపిడియైనది. నగరికి కాపలా పెట్టిన పిదప కాగితముల వంతు వచ్చినది. పారశీకము బాగుగ నెఱిగిన విలియం కర్కుపాట్రిక్కు అను సేనాధికారి సుల్తాను వ్రాతబల్ల సొరుగులను వెదకెను. అందు రహస్యపు కాగితములతోపాటు సుల్తాను స్వహస్తముతో వ్రాసికొన్న చిన్న పుస్తక మొకటి కనబడినది. విప్పి చూడగా నది యతని స్వప్నముల చిట్టా! ముప్పదియేడు స్వప్నము లందున్నవి. సుల్తానునకు ఆంతరంగికుడగు హబీబుల్లా ఆ సమయమున నచట నుండెను. అట్టి పుస్తకము కలదని యతడెఱుగును గాని యెన్నడును చూచియుండలేదు. ఎవరైనను దగ్గరకు వచ్చిన సుల్తాను దానిని దాచివైచెడివాడట.

ఈ సోదాను మేము తప్పు పట్టము. టిప్పు ఫ్రెంచివారి సాయము గోరి మారిషసు దీవికి దూతలను పంపినమాట నిజము; 1798 జనవరిలో అచటి గవర్నరు మలార్తిక్కు దానిని బహిరంగముగ చాటించెను కూడ. గెలిచిన సైన్యము శత్రువు కాగితములను చూడక విడిచిన నెవ్వరును దానిని ధర్మమనరు, తెలివితక్కువ యందురు. అయినను ఆ స్వప్నముల పుస్తకము మాత్రము మా మనస్సును కొంచెము కలచుచున్నది. సొరుగు తెఱచిన చేతికి ఎచ్చట నాగవలయునో తెలియదు.

మన యిండ్లలో నిది తెలియని సంగతి కాదు. ఇంటిలో నొక నగ కనబడదు. అత్తగారు కోడలి పెట్టె తెఱపించును. నగ దొరకదు, పుట్టింటినుండి వచ్చిన యుత్తరము దొరకును. అంతటితో నగమాట మఱుగుపడి యుత్తరముమీద విచారణ మొదలగును. ‘వేళకు తినుచున్నావా తల్లీ’ యని తల్లి వ్రాసిన మాట అత్తింటిమీద నేరారోపణగా చదువబడును. నగ వంటయింటి అటకమీద దొరకిన పిదపకూడ ఉత్తరపు తగవు తీఱదు. శ్రీరంగపట్టణములో వెదకినది టిప్పు తప్పును, పట్టుబడినది నవాబు.

అది యెట్లనగా, 1792లో ఓడిన టిప్పు తన యిద్దఱు చిన్న కుమారులను కంపెనీవారికి జామీనుగా నిచ్చెను. ఆ బాలురవెంట గులామలీఖాను, అలీరజాఖాను అను వకీళ్లు మద్రాసునకు వచ్చి, బాలురు 1794లో తిరిగి పోవువఱకు నుండిరి. అచట వారు నవాబును, అతని కుమారుని కలిసికొనుచు, జరిగిన సంభాషణలను సుల్తానునకు వ్రాయుచుండిరి. ఆ యుత్తరములే నగరిలో దొరకినవి. నవాబు సుల్తానును మతమునకు స్తంభమని పొగడెనని వానిలో నున్నది. ఇంగ్లీషువారి కనుమానము కలిగినది గనుక కొన్ని రాయబారములను కొంతకాల మాపుట మేలని సలహా చెప్పినట్లును ఉన్నది. వీనికి తోడు మాఱుపేళ్ల పట్టిక యొకటి దొరకినది. అందు నిజామునకు ‘శూన్యము’ అనియు, మహారాష్ట్రులకు ‘తుచ్ఛులు’ అనియు, నవాబునకు ‘మానవజాతి హితైషి’ అనియు, ఇంగ్లీషువారికి ‘కొత్తగా వచ్చినవారు’ అనియు పేళ్లు పెట్టబడినవి. ఈ కడపటి పేరులో నబద్ధ మేమియు లేదని కంపెనీవారును ఒప్పుకొనక తప్పదు.

మాఱుపేళ్ల పట్టిక యుండుట చిన్న విషయము కాదు. మర్యాదమాటలకు మాఱుపేళ్లతో పనిలేదు. కావున విచారింపవలసిన సంగతి కలదనుటలో మాకు సందేహము లేదు. కాని విచారించినవా రెవరు? గవర్నరు జనరలగు వెల్లెస్లీ ప్రభువు, శ్రీరంగపట్టణము పడకమునుపే, 1799 ఏప్రిలులోనే, రాజ్యపాలనమును తమకు మఱింతగా నప్పగించు క్రొత్త సంధికి రమ్మని ఉమ్దతుల్ ఉమరాను ఒత్తిడి చేసియుండెను. అతడు సమ్మతింపలేదు. కోరిక ముందు పుట్టినది, సాక్ష్యము తరువాత దొరకినది. ఆ సాక్ష్యమును చదువు కన్ను ఎట్టిదో వేఱుగ చెప్పనేల?

1800లో జోసయా వెబ్బు, బారీ క్లోజు అను నిరువురధికారులు విచారణకు నియమింపబడిరి. వారు పైవకీళ్లనే ప్రశ్నించి మర్యాదమాటలకు మించినది రాబట్టలేకపోయిరి. ఇక మన స్మృతికారులు వ్యవహారమునకు లిఖితము, భుక్తి, సాక్షులు అని మూడు ప్రమాణములు చెప్పిరి. ఇందు లిఖితమేది? ఆ యుత్తరములు నవాబు వ్రాసినవి కావు. నవాబు ఇట్లనెనని పరుని వకీళ్లు తమ ప్రభువునకు వ్రాసికొన్నవి. కొలువులోనివాడు దొరకు ప్రియమగునట్లు మాటలు పెంచి వ్రాయుట లోకములో క్రొత్త గాదు. సాక్షులందమా, వ్రాసినవారే తమ వ్రాతకు అంత యర్థము లేదనిరి. అన్నిటికంటె మాకు బాధాకరమైన దేమన, నిందపడిన నవాబు నెవ్వరు నొక్క ప్రశ్నయైన నడుగలేదు. రెండేండ్లపాటు కాగితములు కంపెనీవారి పెట్టెలోనుండెను, నవాబు తన నగరిలో నుండెను.

1801 జూలైలో ఉమ్దతుల్ ఉమరా చెపాకు నగరిలో మరణోన్ముఖుడై యుండగా కంపెనీ సిపాయిలు శాంతిరక్షణార్థమని చెప్పి నగరిని చుట్టుకొనిరి. 15వ తేదీని అతడు చనిపోయెను. ఆ దినముననే వెబ్బు, క్లోజు లోపలికి పోయి, కుమారుడగు అలీహుసేనునకు సంరక్షకులుగా నున్న ఖానులకు ఈ కాగితముల కథను వినిపించిరి. వారు నమ్మలేకపోయిరి, సమాధానము చెప్పుకొన నవకాశము వేడిరి. కంపెనీ ప్రభుత్వము తనకు తాను తృప్తిపడినది గాని, న్యాయాధిపతియై కూర్చుండి విచారణ చేయదలచుకొనలేదను భావముతో జవాబు వచ్చెను. న్యాయాధిపతి కానన్నవాడే శిక్ష విధించుట చూడుడు! అలీహుసేను రాజ్యమును వదలుకొన సమ్మతింపకపోగా నతని పినతండ్రి కుమారుడగు అజీముద్దౌలాను నవాబు చేసి, జూలై 31వ తేదీతో సంధి వ్రాయించిరి. నవాబునకు బిరుదము, రాబడిలో నైదవవంతు మిగిలినవి. తిరుపతి కొండ, చంద్రగిరి కోట, చిత్తూరు పాళెములు ఆ సంతకముతో చేతులు మాఱినవి. 1803 నాటికి కలెక్టరు స్ట్రాటను తిరుమల దేవాలయపు రాబడిని, కట్టుబాట్లను విచారించి పైవారికి నివేదిక వ్రాసెను. 1804, 1805లలో చిత్తూరు పాళెగాండ్రమీదికి సైన్యము నడచెను.

అలీహుసేను మఱుసటి యేడే చనిపోయెను.

ఇంగ్లీషువారికి సోదా ధర్మము తెలియదనుకొందమా? వారి దేశములోనే 1762లో జాన్ ఎంటిక్కు అను రచయిత ఇంటిని, మంత్రియగు హాలిఫాక్సు ప్రభువు వారంటుతో రాజదూతలు నాలుగు గంటలసేపు వెదకి కాగితములు పట్టుకొనిపోయిరి. 1765లో కామ్డెను న్యాయాధిపతి ఆ వారంటు చెల్లదని తీర్పు చెప్పెను. రాజ్యావసరమన్న సాకు చట్టమునకు బదులు కానేరదని యా తీర్పు సారము. ఎంటిక్కునకు మున్నూఱు పౌనుల పరిహారము లభించెను. ముప్పదియాఱేండ్లు గడచినను ఆ తీర్పు ఓడ యెక్కి మద్రాసు చేరలేదు. యుద్ధములో చేసిన సోదాకు ఇంటి చట్టము వర్తింపదందురేమో, వర్తింపకుండుగాక. మిత్రుడని సంధి వ్రాసికొన్నవాని రాజ్యమును పుచ్చుకొనునపుడైన నొక మాట యడుగవలదా?

ఇట్లు వ్రాయుటచే మేము నవాబుల పక్షము వహించితిమని తలపవలదు. వారి యప్పులవలన, వారు గుత్తకిచ్చిన వసూలుదార్లవలన మన రైతులు పడిన బాధ సామాన్యము కాదు. ఆ యప్పుల దురాచారమును 1785లో ఎడ్మండు బర్కు పార్లమెంటులో నెండగట్టెను. నవాబు పాలన పోయినదని కంట తడి పెట్టుట మాకు చేతకాదు. దుష్పరిపాలనకై తొలగించితిమని కంపెనీవారు చెప్పియున్న, వారి చేయి ఆ దుష్పరిపాలనలో నెంతవఱకున్నదో కూడ చెప్పవలసి వచ్చియుండును. కాగితముల కట్ట ఆ చిక్కును తప్పించినది.

ఇక అమెరికా మాటకు వత్తము. అచటి అధికారులు ముందు కాగితములను అడిగిరి. 2022 జనవరిలో పదునైదు పెట్టెలు తిరిగి వచ్చినవి. మిగిలినవానికై మే నెలలో ఉత్తరువు పంపిరి. అప్పటికిని అన్నియు రాలేదన్న నమ్మికతో న్యాయాధికారియొద్ద వారంటు గైకొని సోదా చేసిరి. రహస్యముద్రగల పత్రములు నూటికి మించి దొరకినవి. 2023 జనవరిలో ప్రత్యర్థియగు బైడెనుగారి యింటిని ఆయన సమ్మతితో వెదకగా నచటను అట్టి కాగితములు కనబడినవి. ట్రంపుగారిమీద 2023 జూనులో వచ్చిన యభియోగమును, ప్రత్యేక అభియోక్త నియామకము చెల్లదని 2024 జూలైలో న్యాయస్థానము కొట్టివేసినది. నవంబరు ఎన్నికలలో ఆయన గెలిచిన పిదప ఆయనపై వ్యాజ్యము విరమింపబడినది. ఫలిత మెట్లున్నను ఆ సోదా మాకు న్యాయముగనే తోచుచున్నది. అడిగిరి, వేచిరి, ఏమి వెదకుదురో ముందు వ్రాసి చూపిరి, నిందపడినవాడు తన వకీళ్లతో న్యాయస్థానమున నిలిచి వాదించెను. ఉమ్దతుల్ ఉమరాకు వీనిలో నొక్కటియు దక్కలేదు. మన దేశములోను 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన నాగరిక సురక్షా సంహిత, సోదాను ఆద్యంతము చిత్రీకరింపవలయుననియు, మధ్యవర్తుల సమక్షమున జాబితా వ్రాసి ప్రతిని ఇంటివాని కీయవలయుననియు విధించుచున్నది. విధి మంచిది. వెదకించువానికి ఆ యింటిమీదనో, ఆ పదవిమీదనో కన్నున్నపుడు దొరకినవానిని చదువవలసినవాడు వేఱొకడు కావలయునన్నదే దానికి మేము చేర్చదలచినది.

కంపెనీవారి విషయములో నొక్క మేలు మాత్రము జరిగినది. ఆ కాగితములను వారు కాల్చివేయలేదు. అవి పార్లమెంటు ముందునకు వచ్చినవి. 1808లో సర్ థామస్ టర్టను వానినే యాధారముగ గొని కర్నాటక వ్యవహారమును ఖండించుచు తీర్మానములు ప్రతిపాదించెను, అవి వీగిపోయెను. తరువాత కంపెనీ కొలువులోనే చేరిన జేమ్సు మిల్లు, 1817లో వెలువడిన తన హిందూదేశ చరిత్రములో ఆ యుత్తరములను వరుసగ పరిశీలించి వానివలన నవాబు ద్రోహము రుజువు కాలేదని వ్రాసెను. స్వప్నముల పుస్తకము 1800లో లండనునకు పోయి, నేడు బ్రిటిషు గ్రంథాలయములో నున్నది. హబీబుల్లాకు చూడరాకపోయిన యా పుటలను ఇప్పుడు కోరినవారెల్ల చదువుచున్నారు.