కారవాన్‌లో పోర్టబుల్ పవర్ స్టేషన్: చరిత్ర, కోనసీమలో వినియోగం

పోర్టబుల్ పవర్ స్టేషన్ అంటే లిథియం బ్యాటరీ, దాన్ని కనిపెట్టుకుని ఉండే ఎలక్ట్రానిక్ సర్క్యూట్, డీసీని 230 వోల్టుల ఏసీగా మార్చే ఇన్వర్టర్, సోలార్ చార్జింగ్ కంట్రోలర్ అన్నీ ఒకే పెట్టెలో అమర్చిన సాధనం. పడుకోవడానికి, వండుకోవడానికి వీలున్న వాహనాన్ని మన వాళ్లు కారవాన్ అంటారు. ఆ కారవాన్‌కు తీగ లేకుండా కరెంటు ఇవ్వడం ఈ పెట్టె పని. దీని చరిత్రను సాధారణంగా బ్యాటరీల సామర్థ్యం పెరిగిన కథగా చెబుతారు. నిజానికి ఇది ఇంజనును మనిషి పడుకునే చోటు నుంచి దూరంగా జరిపిన కథ. ఇళ్లూ కొబ్బరితోటలూ కలిసిపోయి, రోడ్డు పక్కన ఆగిన బండికి నాలుగడుగుల దూరంలోనే ఎవరిదో వాకిలి ఉండే కోనసీమ లాంటి చోట ఈ మాట మరింత స్పష్టంగా రుజువవుతుంది.

తీగ లేని కరెంటు

కోనసీమలో కదిలే వెలుగంటే మొదట పెట్రోమాక్స్ లైటు. పెళ్లి ఊరేగింపులకు, తీర్థాలకు దాన్ని నెత్తిన పెట్టుకుని నడిచేవారు. తర్వాత తోపుడు బండి మీద జనరేటరు వచ్చింది. 1980లలో మన దేశంలో తయారై ఊరూరా చేరిన చిన్న జనరేటర్లను తాడు లాగి పెట్రోలుతో స్టార్టు చేసి, ఇంజను వేడెక్కాక నాబ్ తిప్పి కిరోసిన్ మీద నడిపేవారు. మైకు సెట్టు గట్టిగా మోగినప్పుడల్లా బల్బులు కాస్త మసకబారేవి. ఊరేగింపు సందడిలో ఆ మోతా పొగా ఎవరికీ పట్టలేదు. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను, కోనసీమ అప్పట్లో భాగంగా ఉన్న తూర్పుగోదావరి జిల్లాలో వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. కొబ్బరిచెట్లు, కరెంటు స్తంభాలు కలిసి నేలకొరిగాయి. అలాంటి రోజుల్లో జనరేటరు ఉన్న ఇల్లు అదృష్టవంతుల ఇల్లు. అయినా రాత్రి ఇంటిల్లిపాదీ నిద్రపోవాలంటే దాన్ని ఆపాల్సిందే. ఇంజను పక్కన కునుకు పట్టదు. మూసిన గదిలోకో బండిలోకో దాని పొగ చేరితే, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

బండిలో ఇల్లు

తెలుగు నేల మీద బండిని ఇల్లుగా చేసుకున్న ప్రయాణాల్లో అందరికీ తెలిసినది చైతన్య రథం. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ పెట్టిన ఎన్.టి. రామారావు పాత షెవర్లే వ్యానును మార్పించుకుని రాష్ట్రమంతా తిరిగారు. నందమూరి హరికృష్ణ దాన్ని నడిపారు. రోడ్డు పక్కనే స్నానం, భోజనం సాగిన ఆ పర్యటన 1983 జనవరి ఎన్నికల గెలుపుదాకా వెళ్లింది. ఆ తర్వాత కారవాన్ అనే మాటను జనంలోకి తెచ్చింది సినిమా. షూటింగులో కారవాన్లకు పగలంతా ఏసీ కావాలి. అందుకు డీజిల్ జనరేటరు వాడతారు. లొకేషన్‌లోనే మాటలు రికార్డు చేయాల్సి వస్తే జనరేటర్ వ్యానును దూరంగా నిలిపి, పొడవాటి కేబుల్ లాగుతారు. సినిమా యూనిట్‌కు కేబుల్ వేసే మనుషులు ఉంటారు, దూరంగా నిలపడానికి జాగా దొరుకుతుంది. పిల్లలతో అంతర్వేది తీర్థానికి బయల్దేరిన కుటుంబానికి ఆ వసతి ఉండదు.

బ్యాటరీ దారి

ఇంజనుకు ప్రత్యామ్నాయం చాలాకాలం కిందటే పుట్టింది. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే తిరిగి చార్జ్ చేయగల సీసం బ్యాటరీ తయారుచేశారు. 1912లో కాడిలాక్ కారు సెల్ఫ్ స్టార్టరుతో రావడంతో ప్రతి మోటారు బండిలో బ్యాటరీకి చోటు ఖాయమైంది. విదేశీ మోటార్‌హోముల్లో ఇంజనుకొకటి, ఇంటి అవసరాలకొకటి చొప్పున రెండు బ్యాటరీలు పెట్టే పద్ధతి స్థిరపడింది. మన ఇళ్లలో ఇన్వర్టరు కింద ఉండేదీ ఈ సీసం బ్యాటరీయే. 1985లో మొదలైన అమర రాజా తిరుపతి దగ్గర నుంచి ఈ రంగంలో పెద్ద పేరు తెచ్చుకుంది. అయితే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ బరువు యాభై కిలోలు దాటుతుంది. డిస్టిల్డ్ వాటర్ పోస్తూ ఉండాలి. సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే దాని ఆయుష్షు తగ్గుతుంది. చార్జింగులో హైడ్రోజన్ వెలువడుతుంది కనుక పడకగదిలో పెట్టుకోదగ్గది కాదు. 

ఈ చిక్కును లిథియం తీర్చింది. స్టాన్లీ విటింగ్‌హామ్, జాన్ గుడెనఫ్, అకిరా యోషినోల పరిశోధనల ఆధారంగా 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది. ఆ ముగ్గురికీ 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. 1997లో గుడెనఫ్ బృందం ప్రకటించిన లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం వేడికి త్వరగా లొంగదు. వేలసార్ల చార్జింగును తట్టుకుంటుంది. 2012లో మొదలైన జాకరీ, 2017లో మొదలైన ఎకోఫ్లో వంటి కంపెనీలు ఇన్వర్టరుతో సహా అన్నిటినీ ఒకే పెట్టెలోకి చేర్చాయి. అలా మోత లేని, పొగ లేని కరెంటు మొదటిసారి మంచం పక్కకు వచ్చింది.

ఒక్క యూనిట్ లెక్క

మధ్యరకం పెట్టెలో 1,000 వాట్ అవర్లు ఉంటాయి. కరెంటు బిల్లు భాషలో అది ఒకే ఒక్క యూనిట్. ఇన్వర్టరు నష్టం పోగా 850 చేతికి వస్తాయి. తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు తొమ్మిది గంటలు తిరిగితే 540, మూడు ఎల్‌ఈడీ బల్బులు నాలుగు గంటలు వెలిగితే 60, నాలుగు ఫోన్లకు మరో 60. మొత్తం 660. చిన్న ఫ్రిజ్ కూడా కావాలంటే తెల్లవారేసరికి పెట్టె ఖాళీ. వెయ్యి వాట్లు లాగే ఒక టన్ను ఏసీ పెడితే గంట కూడా రాదు. ఇండక్షన్ పొయ్యికి అరగంటే గగనం.

ఏసీ లేకుండా మే నెల ఉక్కపోతలో కోనసీమలో పడుకోవడం ఎలా అన్నది మొదటి అభ్యంతరం. అది న్యాయమైనదే. ఏసీయే ప్రాణావసరమైన వాళ్లకు ఈ ఒక్క పెట్టె చాలదు. వాళ్లకు గట్టి కనెక్షనున్న బస కావాలి. కానీ ఆ లోటును పూడ్చడానికి రాత్రంతా జనరేటరు నడిపితే, చల్లదనం ఒకరిదీ మోత ఊరందరిదీ అవుతుంది. రెండో అభ్యంతరం చార్జింగు. బండిలోని 12 వోల్టుల సాకెట్ దాదాపు 120 వాట్లే ఇస్తుంది. కనుక ఖాళీ పెట్టె నిండాలంటే ఎనిమిది, తొమ్మిది గంటలు నడపాలి. అమలాపురం నుంచి మామిడికుదురు మీదుగా రాజోలు వెళ్లే దూరానికి దక్కేది ఏ కొంచెమో. 200 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో రోజుకు ముప్పాతిక యూనిట్ వరకు ఇవ్వగలదు. ముసురు పట్టిన వానాకాలంలో అదీ నమ్మకం కాదు. 

మూడోది భద్రత. ఈ ప్రాంతానికి మంటల సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. 1995 జనవరి 8న మొదలైన పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ 65 రోజులు మండింది. 2014 జూన్ 27న మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. శక్తిని నిల్వచేసిన ప్రతిచోటా ప్రమాదం పొంచి ఉంటుందన్న భయం ఇక్కడ అనుభవం నేర్పిన తెలివి. అందుకే ఫాస్ఫేట్ రకాన్నే ఎంచుకోవాలి. 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జింగ్ పెట్టకూడదు. ఎండలో అద్దాలు మూసి నిలిపిన బండిలో వేడి ఆ హద్దును సునాయాసంగా దాటుతుంది. అమెరికాలో ఉన్న పిల్లలు పెట్టె కొని పంపుతామన్నా ఒప్పుకోకూడదు. అక్కడి పెట్టెలు 120 వోల్టులవి. పైగా 160 వాట్ అవర్లు మించిన బ్యాటరీని ప్రయాణికులు విమానంలో తేవడానికి వీల్లేదు.

స్థానం

ఈ అభ్యంతరాలన్నీ కలిపి చూసినా పవర్ స్టేషన్ పనికిరానిదని తేలదు. దాని పని ఏమిటో తేలుతుంది. అది జనరేటరులా కరెంటు పుట్టించదు, ఎక్కడో పుట్టిన కరెంటును నిద్రపోయే చోటికి నిశ్శబ్దంగా చేరుస్తుంది. కాబట్టి నింపుకునే చోటు ఉంటేనే దానికి విలువ. 2021లో కేరళ ప్రకటించిన కారవాన్ పర్యాటక విధానం వాహనాలతో పాటు వాటిని నిలిపే కారవాన్ పార్కులను కూడా లెక్కలోకి తీసుకోవడం వెనుక ఉన్న వివేకం అదే. 216వ జాతీయ రహదారి వెంట, అప్పనపల్లి బాలబాలాజీ గుడి దగ్గర, అంతర్వేదిలో, దిండిలో మీటరుతో కూడిన 15 ఆంపియర్ల ప్లగ్ పాయింట్లు పెడితే చాలు. యాత్రికుడు యూనిట్‌కు డబ్బు కట్టి రెండు గంటల్లో పెట్టె నింపుకుంటాడు. రాత్రి అతని బండిలో ఫ్యాన్ తిరుగుతుంది, పక్కింటివాళ్ల నిద్ర చెడదు. కోనసీమకు కారవాన్లను పిలవాలనుకునేవారు ముందు వేయాల్సినవి ఈ ప్లగ్గులే.