మామూలు హక్కుగా మారిన తీరు: బొంబాయి మిల్లుల నుంచి పూజా బోనసు దాకా

తెలుగులో 'మామూలు' అన్న మాటకు రెండర్థాలున్నాయి. ఎప్పుడూ జరిగేది మొదటిది. ఎప్పుడూ ఇస్తూ వచ్చినందువల్ల ఇక ఇవ్వక తప్పనిది రెండవది. మొదటి అర్థం రెండవదానిలోకి ఎలా ఒరుగుతుందో తెలుసుకోవడానికి భారత కార్మిక చరిత్రలో బోనసు వివాదాన్ని మించిన ఆధారం అరుదు.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బొంబాయి నూలు మిల్లులు విశేష లాభాలు గడించాయి. నిత్యావసరాల ధరలు పెరిగిన ఆ సమయంలో, 1917లో, యజమానులు వేతనంపై 10 శాతం యుద్ధ బోనసు ప్రకటించారు. మరుసటి ఏడాది అది 15 శాతమైంది. 1919 మొదలు వార్షిక బోనసు ఆనవాయితీగా స్థిరపడింది. ఆదాయం పడిపోయిందని 1923 సంవత్సరపు బోనసును యజమానులు నిలిపివేయగా 1924 ఆరంభంలో లక్షన్నరకు పైగా కార్మికులు సమ్మెకు దిగారు. తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు గణనీయంగా పనిచేసిన మిల్లులవి.

ప్రభుత్వం బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ నార్మన్ మెక్లియాడ్ అధ్యక్షతన విచారణ సంఘాన్ని నియమించింది. ఆచారాన్ని బట్టి గాని, చట్టాన్ని బట్టి గాని, ధర్మాన్ని బట్టి గాని బోనసు కోరే హక్కు కార్మికులకు ఏర్పడిందా అన్నది దాని ముందున్న ప్రశ్న. ఏర్పడలేదని సంఘం తేల్చింది. 1923 లాభాలు బోనసుకు చాలవన్న యజమానుల వాదనను కూడా సమర్థించింది. కార్మికులు ఓడిపోయారు. అయితే ఆచారం హక్కు కాగలదా అన్న ప్రశ్న అధికారికంగా నమోదయింది. ఆ నమోదే తరువాతి కాలానికి మిగిలిన ఆస్తి అనవచ్చు.

1947 పారిశ్రామిక వివాదాల చట్టం వచ్చాక ప్రశ్నను తూచే త్రాసు మారింది. ఒప్పందంలోని అక్షరాలకే కట్టుబడకుండా న్యాయమనిపించిన బాధ్యతను యజమానిపై మోపే అధికారం ట్రిబ్యునళ్లకు లభించింది. 1956 సవరణతో చేరిన 9-ఎ సెక్షను ప్రకారం ఆచారసిద్ధమైన రాయితీని ఉపసంహరించాలన్నా 21 రోజుల ముందస్తు నోటీసు ఇవ్వవలసి ఉండేది. లాభాల మిగులును బట్టి బోనసు లెక్కించే సూత్రాన్ని లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ 1950లోనే రూపొందించింది. కాని బెంగాలులో దుర్గాపూజ వేళ ఇచ్చే బోనసు ఆ సూత్రంలో ఇమడలేదు. దానికి వేరే పునాది కావలసి వచ్చింది.

ఆ పునాదిని సుప్రీంకోర్టు 1959లో ఇస్పహానీ, గ్రాహం ట్రేడింగ్ కంపెనీల తీర్పులలో స్పష్టపరచింది. ఏటా ఇస్తూ రావడం వల్ల ఉద్యోగ నిబంధనలలో అంతర్లీనమైన షరతు ఏర్పడిందనడం ఒక మార్గం. సంప్రదాయమే హక్కు అయిందనడం మరొక మార్గం. రెండవదానికి నిరూపణ కఠినం. చెల్లింపు తెగకుండా సాగాలి, తగినంత దీర్ఘకాలం సాగాలి, నష్టం వచ్చిన ఏడాది కూడా ఆగకూడదు, ఒకే రేటున ఉండాలి. ఇందులో నష్టాల ఏడాదికి సంబంధించిన షరతు ప్రత్యేకంగా గమనింపదగినది. 1924లో లాభలేమి యజమానికి రక్షణ కవచం. 1959 నాటికి నష్టంలోనూ ఇచ్చిన చేయి అతనికే వ్యతిరేక సాక్ష్యం. యజమాని ఔదార్యం ఎంత నిలకడగా ఉంటే, అది ఔదార్యమని చెప్పుకొనే వీలు అతనికి అంతగా తగ్గిపోయింది.

సహజంగానే యజమానులు జాగ్రత్తపడ్డారు. దయతో ఇస్తున్నామని రసీదులో రాయించుకోవడం వ్యాపించింది. ఆ రాత అంతర్లీన షరతు వాదాన్ని దెబ్బతీయగలదు గాని, సంప్రదాయం విడిగా రుజువైనప్పుడు యజమాని ఏకపక్ష ప్రకటన చెల్లదని తరువాతి తీర్పులు తేల్చాయి.

1965 బోనసు చెల్లింపు చట్టం వచ్చిన తరువాత ఆచారపు బోనసు ఉనికి సందేహంలో పడింది. అప్పటికే ఇచ్చిన పూజా బోనసును చట్టబద్ధమైన మొత్తంలో సర్దుబాటు చేసుకొనే వీలును 17వ సెక్షను కల్పించింది. కర్మాగారాలను మినహాయిస్తే, 20 మందికి తక్కువ పనిచేసే చిన్న దుకాణాలు ఈ చట్టం పరిధికి వెలుపల మిగిలాయి. అటువంటి బొంబాయి దుకాణాల సిబ్బంది వివాదంలోనే, 1976లో ముంబయి కామ్‌గార్ సభ కేసులో, జస్టిస్ కృష్ణయ్యర్ లాభాల బోనసును మాత్రమే ఈ చట్టం క్రమబద్ధం చేసిందనీ, ఆచారం వల్ల ఏర్పడిన బోనసును అది తుడిచివేయలేదనీ నిర్ణయించారు. కనీస బోనసు తొలుత వేతనంలో 4 శాతం. 1970లలో అది 8.33 శాతానికి చేరింది. అది సంవత్సరపు జీతంలో దాదాపు పన్నెండో వంతు, అంటే సుమారు ఒక నెల జీతం.